జపాన్ చూసివచ్చినవారికి రెండు ప్రశ్నలు: ర్యోఆంజి రాళ్ల తోట, మా అక్కయ్య భోజనం

పెన్నా ఒడ్డు (నెల్లూరు):

అందరికీ నమస్కారం.

నేను నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మా అమ్మాయి, అల్లుడు ఒసాకాలో ఉద్యోగాలు చేసుకుంటున్నందువల్ల కిందటి నవంబరులో నేనూ నా భార్యా చెన్నైలో విమానమెక్కి పద్దెనిమిది రోజులు అక్కడ గడిపి వచ్చాము. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి జపాన్ వెళ్లివచ్చినవారు ఇక్కడ కొందరున్నారని తెలిసి, నా జ్ఞాపకాలు నాలుగు మీ ముందుంచి రెండు సందేహాలు అడుగుదామని రాస్తున్నాను.

క్యోటోలో ఫుషిమి ఇనారి ఆలయానికి వెళ్లేముందు అందరూ నాకు చెప్పింది కొండ మీదికి వరుసగా నిలిపిన వేలాది ఎర్రని తోరణ ద్వారాల గురించే. అవి చూడదగినవే, కాదనను. నన్ను కదలనివ్వనిది మాత్రం గుడి ముంగిట కూర్చున్న నక్క విగ్రహం. దాని మెడకు ఎర్రని గుడ్డ కట్టి ఉంది, నోట వరి కంకులు కరచుకొని ఉంది. ఇనారి వరి పంటను కాచే దేవత అనీ, నక్కలు ఆ దేవతకు దూతలనీ మా అల్లుడు వివరించాడు. నెల్లు అంటే వడ్లు, అందుకే మన ఊరికి ఆ పేరు వచ్చిందంటారు అని ఏటేటా పిల్లలకు చెబుతూ వచ్చినవాణ్ని. వరి కంకికి గుడి కట్టి పూజించే చోటు చూడటానికి అరవై దాటాక అంత దూరం వెళ్లవలసి వచ్చింది.

కనజావాలోని కెన్‌రొకుఎన్ జపాన్‌లోని మూడు గొప్ప తోటల్లో ఒకటిగా పేరుపొందినది. ఆ ప్రాంతంలో పడే మంచు తడిగా, బరువుగా ఉండి పెద్ద పెద్ద పైన్ చెట్ల కొమ్మలను సైతం విరిచేస్తుందట. అందుకని ఏటా నవంబరు ఒకటో తేదీన చెట్లకు తాళ్లు కట్టడం మొదలుపెడతారు. మేము వెళ్లేసరికి ఆ పని ఇంకా సాగుతూ ఉంది. చెట్టు మధ్యలో నిటారుగా పొడవాటి గుంజ నిలిపి, దాని కొన నుంచి ఒక్కొక్క కొమ్మకూ ఒక్కొక్క తాడు దించి కడతారు, దూరానికి అది విప్పిన గొడుగు ఊచల్లా కనిపిస్తుంది. నిచ్చెన మీదున్న ఒక ముసలి తోటమాలి కొమ్మ కింద అరచేయి పెట్టి కాస్త పైకెత్తి, బరువు తూచినట్లు ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముడి వేశాడు. ఆ తాడు వరిగడ్డితో పేనినది. మా తాతగారి కళ్లంలో వెంటి పేనుతుంటే పక్కన కూర్చుని గడ్డి అందించిన చేతులివి; ఆ తోటలో నేను చెరువును చూసినంతసేపు కన్నా ఆ ముడులను చూసినసేపే ఎక్కువ.

నారాలోని తొదాయిజి గుడిలో ఉన్న మహాబుద్ధుణ్ని కూడా చూశాము. 752వ సంవత్సరంలో ఆ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినవాడు మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువని విన్నప్పుడు గర్వపడ్డాను. ఇంతలో ఒక జింక నా చొక్కా పట్టుకొని లాగింది, గర్వం అక్కడితో సరి.

భోజనం దగ్గర మాత్రం ఒక పొరపాటు చేశాను. మా అమ్మాయి ఇంటికి దగ్గరలోని చిన్న హోటల్లో ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో మిసో అనే ఊరబెట్టిన సోయా ముద్దతో చేసిన పులుసు, కాల్చిన చేప ముక్క, రెండు ఊరగాయ ముక్కలు తెచ్చి పెట్టారు. పులుసు కనిపించగానే నెల్లూరువాడి చేయి ఊరుకుంటుందా, దానిని అన్నంలో ఒంపుకొని కలిపేశాను. పక్క బల్ల మీది పెద్దమనిషి చూపు తిప్పుకున్నాడు. అలా కలిపినదాన్ని అక్కడ పిల్లికి పెట్టే అన్నం అంటారని మా అమ్మాయి చెవిలో చెప్పింది.

ఇక నా సందేహాలు. క్యోటోలోని ర్యోఆంజి అనే గుడిలో తెల్లని గులక పరచి పదిహేను రాళ్లు నిలిపిన తోట ముందు అరగంట కూర్చున్నాను. ఎక్కడ కూర్చున్నా పద్నాలుగే కనిపిస్తాయన్నారు, లెక్కపెట్టాను, పద్నాలుగే కనిపించాయి. అంతకు మించి నాకేమీ అనిపించలేదు. లోపం నాదా? రెండవది, వచ్చే నవంబరులో మా అక్కయ్యను కూడా తీసుకువెళ్లాలనుకుంటున్నాము. ఆవిడకు డెబ్బై రెండేళ్లు, శుద్ధ శాకాహారి, ఉల్లి కూడా ముట్టరు. ఆవిడ అక్కడ ఏమి తినగలరో, ఏ తోటలు చూడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

---

చీమకుర్తి రాయి:

అయ్యవారూ, మీ మొదటి ప్రశ్న చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. రాళ్లతోనే ఇరవై ఏళ్లుగా బతుకుతున్నవాణ్ని, వ్యాపారం పని మీద రెండుసార్లు జపాన్ వెళ్లాను.

మొదటిసారి ర్యోఆంజిలో నాకూ మీకు జరిగిందే జరిగింది. లెక్కపెట్టాను, పద్నాలుగు, లేచి వచ్చేశాను. పైగా వృత్తి దోషం ఒకటి. మా చీమకుర్తి క్వారీలో బ్లాకు బయటికి రాగానే ముందు నీళ్లు కొట్టి నరం ఉందా, పగులు ఉందా అని చూస్తాము, వెంట్రుకవాసి పగులు కనబడినా కొనేవాడు ధర సగానికి అడుగుతాడు. ఆ కళ్లతో చూస్తే ఆ పదిహేను రాళ్లలో మా యార్డులో నిలబడగలిగినది ఒక్కటీ లేదు, అన్నీ డంపులో పారేసే రకమే.

రెండవసారి వెళ్లినప్పుడు ఉదయం ఎనిమిదింటికి, తలుపులు తీసే సమయానికే చేరుకున్నాను. వసారా మీద నలుగురమే ఉన్నాము. అప్పుడు గమనించినదేమిటంటే, ఆ రాళ్లు నేల మీద పెట్టినట్లుగా లేవు, నేలలోంచి పైకి వచ్చినట్లుగా ఉన్నాయి. అక్కడి పనివారు రాతిలో కొంత భాగాన్ని భూమిలోకి దించి, నాచు మొదలంటా కమ్ముకొనేలా చేసి, మిగిలిన శిఖరాన్ని మాత్రమే మనకు చూపిస్తారు. భూమిలో ఉన్నదాన్ని బయటికి లాగడమే మా పని, దొరికినదాన్ని తిరిగి భూమిలోకి దించడం వారి పని, ఇది తట్టగానే నాకు నవ్వొచ్చింది. తోటల నిర్మాణం మీద 11వ శతాబ్దంలో రాసిన సకుతెయికి అనే గ్రంథం వారికి ఉంది. ముందు ఒక ముఖ్యమైన రాతిని నిలిపి, ఆ రాయి ఏమి కోరుతున్నదో గమనించి తక్కిన రాళ్లను దానికి అనుగుణంగా నిలపాలని అందులో చెప్పారు. రాయి కోరుతుంది అనే మాట మా యార్డులో అంటే నన్ను ఆసుపత్రికి పంపిస్తారు. కానీ అక్కడ ఎడమ చివరనున్న అయిదు రాళ్ల గుంపును చూస్తూ కూర్చుంటే, తక్కిన నాలుగు గుంపులూ దాని మాట విని అలా సర్దుకున్నాయని నాకు నిజంగానే అనిపించింది.

ఇంకొక సంగతి చెబుతాను. మీరు తెల్లని గులక అన్నారే, అది కూడా గ్రానైటే. క్యోటో తూర్పున షిరకావా ప్రాంతపు గ్రానైటు శిథిలమై రాలిన గులక అది. అచ్చమైన తెలుపు కాదు, నల్లని, బూడిదరంగు రవ్వలు కలిసి ఉంటాయి కనుక ఎండలో మిరుమిట్లు గొలపదు, అందుకే తోటల్లో వాడతారు. దాని మీద దంతెతో గీసిన గీతలు నిలవాలంటే రవ్వ మరీ సన్నగానూ ఉండకూడదు, మరీ గుండ్రంగానూ ఉండకూడదు.

కాబట్టి లోపం మీదేమీ కాదు, వేళది. మధ్యాహ్నం గుంపులో కూర్చుంటే ఎవరికైనా లెక్కే మిగులుతుంది. మరొకసారి పొద్దున్నే వెళ్లండి, లెక్కపెట్టకండి, గులకకు అవతలనున్న మట్టి గోడను చూడండి. నూనె కలిపిన మట్టితో కట్టిన ఆ గోడ మీద మరకలు వ్యాపించిన తీరుకే నేను పావుగంట ఇచ్చాను.

అక్కయ్యగారికి మాత్రం ఆ తోట కన్నా అదే ఊళ్లోని షిసెన్‌దో బాగా నచ్చుతుందని నా నమ్మకం. 1641లో ఇషికావా జోజాన్ అనే కవి కట్టుకున్న చిన్న ఇల్లు అది. అక్కడ వెదురు గొట్టంలోకి సన్నని ధారగా నీళ్లు పడుతుంటాయి, నిండగానే గొట్టం ముందుకు వాలి నీళ్లు ఒలకబోసి, తేలికై వెనక్కి వచ్చి రాతి మీద టక్కుమని కొట్టుకుంటుంది. పొలాల మీద పడే అడవి పందులనూ జింకలనూ బెదరగొట్టడానికి పెట్టిన ఉపాయం అది. మన మంచె మీద కూర్చుని డబ్బా వాయించే కుర్రవాడి పనిని వారు నీటికి అప్పగించారన్నమాట.

---

తులసికోట (కావలి):

మాస్టారుగారికి నమస్కారం. రాళ్ల విషయం నాకు తెలియదు, భోజనం సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అక్కడ ఆకలితో ఏడ్చినదాన్ని నేనే.

మేము ఒక ట్రావెల్ ఏజెన్సీ ద్వారా వెళ్లాము. శాకాహారమని డబ్బు కట్టేటప్పుడు మూడుసార్లు చెప్పాము, వారు మూడుసార్లూ తలూపారు. మొదటి రాత్రి ఉడికించిన పాలకూర లాంటి ఆకుకూర పెట్టారు. దాని మీద లేత గోధుమ రంగు పలుచని పొరలు చల్లి ఉన్నాయి, కూర వేడికి అవి ప్రాణమున్నట్లు మెల్లగా కదులుతున్నాయి. మన ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేచోట రాలే పొట్టు అచ్చం అలాగే ఉంటుంది. ఏదో చెట్టు బెరడు కాబోలనుకొని ఒక ముద్ద తిన్నాక అడిగితే, అది చేప అని తేలింది. కత్సువో అనే చేపను ఉడికించి, పొగబెట్టి, చెక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టి, చిత్రిక పట్టినట్లు సన్నగా తీస్తారు. దానిని కత్సువోబుషి అంటారు. దీనినీ కొంబు అనే సముద్రపు నాచునూ కలిపి తీసే రసం పేరు దాషి. మన వంటలో పోపు ఎలాగో వారి వంటలో దాషి అలాగ, మిసో పులుసులో, నూడుల్స్ రసంలో, కూరలు ఉడికించే నీటిలో, టెంపురా అనే పిండి వేపుడు ముంచుకొనే పులుసులో అంతటా ఉంటుంది. ఇందులో వంటవాళ్ల కపటమేమీ లేదు. మాంసం ముక్క కనిపించకపోతే అది శాకాహారమేనని వారు మనస్ఫూర్తిగా అనుకుంటారు. కనుక శాకాహారం అనే మాట ఒక్కటే చాలదు, కత్సువో దాషి వద్దు అని జపనీస్‌లో రాయించిన కాగితం అక్కయ్యగారి చేతిసంచిలో ఉండాలి.

ఇక ఆవిడకు నిశ్చింతగా భోజనం దొరికే చోటు ఒకటుంది, కోయసాన్. 816లో కూకాయి అనే గురువుకు చక్రవర్తి అనుగ్రహించిన కొండ అది, ఎత్తు సుమారు ఎనిమిది వందల మీటర్లు. ఒసాకాలోని నంబా స్టేషన్‌లో రైలెక్కి చివరి దాకా వెళ్లి, అక్కడి నుంచి కేబుల్ కారులో పైకి చేరాలి. యాభైకి పైగా గుళ్లలో యాత్రికులకు బస ఇస్తారు. వారు పెట్టేది షోజిన్ ర్యోరి, అంటే సన్యాసుల భోజనం. మాంసం, చేప మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం, దాషి కూడా కొంబుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ తీస్తారు. మన కార్తీక సోమవారం వంటకు దూరపు చుట్టమన్నమాట. చాప మీద కూర్చోబెట్టి, ఎర్రని లక్క పూసిన చిన్న పీటల మీద చిన్న చిన్న గిన్నెలు సర్ది పెట్టారు. అందులో నువ్వుల తోఫు ఒకటి ఉంది. పేరు తోఫు అయినా అందులో సోయా ఉండదు, నువ్వులు మెత్తగా నూరి కుజు గడ్డ పిండితో కలిపి గరిటె ఆపకుండా తిప్పుతూ ఉడికించి చల్లార్చినది. నోట్లో పెట్టుకుంటే మా అమ్మమ్మ చేసే నువ్వుల ముద్ద చప్పగా, చల్లగా, జున్నులా మారి వచ్చినట్లు అనిపించింది. ఆ రాత్రి నేను కడుపు నిండా తిన్నాను. తెల్లవారుజామున ప్రార్థనకు పిలుస్తారు, నవంబరులో చలి గట్టిగా ఉంటుంది, ఉన్ని మేజోళ్లు తీసుకువెళ్లండి.

తక్కిన రోజుల్లో నన్ను నిలబెట్టినది ఇనారి సుషీ. మీరు చెప్పిన నక్కలకు ఇష్టమని చెప్పే వేయించిన తోఫు సంచిలో పుల్లని అన్నం కూరి ఇస్తారు, తియ్యగా బాగుంటుంది. ఉమెబోషి అనే ఊరగాయ కూడా వదలవద్దు. ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన ఆ చిన్న కాయ ఒక్కటి నాలుక మీద పడితే గూడూరు నిమ్మకాయ కూడా తియ్యనిదే అనిపిస్తుంది.

మన పొడులు, నిలవ పచ్చళ్లు పట్టుకువెళ్లవచ్చు. మాంసం కలిసినవేవీ లోపలికి రానివ్వరు. తాజా ఆకులు, పండ్ల మీద కూడా ఆంక్షలున్నాయి కనుక అలవాటు కొద్దీ కరివేపాకు రెబ్బలు పెట్టెలో పెట్టుకోవద్దు.

---

ఉప్పుటేరు (అల్లూరు దగ్గర పల్లె, ప్రస్తుతం యొకొహామా):

బాబాయిగారూ, తులసికోట అక్కా, ఇద్దరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను కనుక చిన్న సవరణ చేయక తప్పడం లేదు. అక్కా, మీ మనసు నొప్పించడానికి కాదు కానీ, ఇనారి సుషీలోని ఆ తోఫు సంచిని సాధారణంగా దాషి, సోయా సాస్, చక్కెర కలిపిన నీటిలోనే ఉడికిస్తారు. తెలియక తిన్నదానికి దోషం లేదనుకోండి. బాబాయిగారి అక్కయ్య విషయంలో మాత్రం ప్యాకెట్ వెనుక చదివించి కొనడం మంచిది. త్రికోణపు అన్నం ముద్దలు, అంటే ఒనిగిరి విషయంలోనూ అదే జాగ్రత్త. వాటి పొట్లం మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉంటాయి, ఆ వరుసలోనే లాగాలి, లేకపోతే నాచు పొర చిరిగి చేతిలోకి వస్తుంది. నేను మొదటి నెలంతా చింపుకొనే తిన్నాను.

బాబాయిగారూ, అన్నంలో పులుసు కలిపినందుకు మీరేమీ చిన్నబుచ్చుకోనక్కరలేదు. వీరికీ ఒచజుకె అని ఒకటి ఉంది, అన్నం మీద వేడి టీ గానీ రసం గానీ పోసుకొని, ఉమెబోషి నంజుకొని తాగినట్లు తింటారు. ఈసారి అది అడగండి, ఎవరూ చూపు తిప్పుకోరు. కర్రీ రైస్ అయితే ఇక్కడ ఇంటింటి వంట, బ్రిటిష్ వారి ద్వారా వచ్చి వీరిదే అయిపోయింది. తియ్యగా, చిక్కగా ఉంటుంది. దాన్ని కూర అని మీరు ఒప్పుకోరు, నేను కూడా రెండేళ్ల దాకా ఒప్పుకోలేదు.

నాకు సంబంధించిన జ్ఞాపకం ఒకటి చెబుతాను. మా నాన్న తొంభైల్లో రొయ్యల చెరువులు వేసిన తొలి రైతుల్లో ఒకడు. అప్పుడు మన తీరమంతటా టైగర్ రొయ్యే, మన దేశపు రొయ్యకు జపానే పెద్ద కొనుగోలుదారు. పట్టుబడి నాడు ఐస్ పెట్టెలు లారీకెక్కుతుంటే "జపాన్‌కు పోతాయిరా" అని నాన్న అనేవాడు. నాకు ఆ దేశం పేరు మొదట తెలిసింది అలాగే. 1994, 95లలో తెల్లమచ్చల వైరస్ వచ్చి చెరువులు ఖాళీ అయ్యాయి, మేము తిరిగి వరిలోకి వెళ్లాము. 2009లో వనామి అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చాక ఊరంతా మళ్లీ దిగినా నాన్న దిగలేదు.

నేను యొకొహామా వచ్చిన కొత్తలో ఒక సూపర్‌మార్కెట్ చల్లని అరలో రొయ్యల ట్రే చూశాను. ఇక్కడ ఏ దేశపు సరుకో చీటీ మీద రాసి తీరాలి. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న నేను కూడబలుక్కుని చదివాను, మూడే అక్షరాలు: ఇ, న్, దొ. పక్కన బురాక్కు తైగా అని ఉంది, అంటే బ్లాక్ టైగర్. వీడియో కాల్‌లో నాన్నకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని దగ్గరికి వంగి చూసి, ధర అడగలేదు, దేశం అడగలేదు, "ముప్పై కౌంటు ఉంటాయి, తల తీసి కూడా బాగా నిలిచాయి" అన్నాడు. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క.

వాటితో వేసే టెంపురా చూడవలసిందే. పోర్చుగీసువారి నుంచి 16వ శతాబ్దంలో నేర్చిన వంటకమంటారు. మన రొయ్య నూనెలో పడగానే ముడుచుకుంటుంది కదా, వీరు దాని పొట్టవైపు అడ్డంగా నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, వేళ్లతో నొక్కి నిటారుగా సాగదీస్తారు, నరం తెగిన చిటపట సన్నగా వినిపిస్తుంది. అప్పుడు చల్లని నీళ్లలో కలిపీ కలపని పిండిలో ముంచి వదులుతారు, బాణంలా వేగి వస్తుంది. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు కౌంటరు ముందు కూర్చోబెట్టి తినిపించాను. ఆయనకు నచ్చింది గానీ, పులుసులో వేసి ఉంటే ఇంకా బాగుండేదన్నాడు.

తోటల మాటకొస్తే, చీమకుర్తి అన్నగారు చెప్పినవన్నీ క్యోటోవి. టోక్యో వైపు వస్తే మా ఊళ్లో సంకెయిఎన్ చూడండి. పట్టు వ్యాపారి ఒకాయన సొంతానికి కట్టుకొని 1906లోనే ఊరివారందరికీ తలుపులు తెరిచిన తోట. పాత భవనాలను వేరే ఊళ్ల నుంచి విప్పి తెచ్చి చెరువు చుట్టూ మళ్లీ నిలబెట్టాడు. దారిలో ఒకచోట పిడికిలంత రాయికి నల్లని తాడు అడ్డంగా, నిలువుగా కట్టి మెట్టు మీద పెట్టి ఉంటే కాలితో పక్కకు జరపకండి, ఇటు రావద్దని దాని అర్థం. బోర్డు ఉండదు, అరిచే మనిషి ఉండడు. నేను జరిపాను, అందుకే చెబుతున్నాను.

---

పెన్నా ఒడ్డు (నెల్లూరు):

ముగ్గురికీ కృతజ్ఞతలు. చీమకుర్తి మిత్రులు చెప్పింది చదివాక నా ఫొటోలు మళ్లీ తీసి చూశాను. గోడ మీది మరకలు ఉన్నాయి, నేనే చూడలేదు. ప్రతి ఫొటోలోనూ నేను రాళ్లన్నీ ఒక చట్రంలో ఇమడాలని వెనక్కి వెనక్కి జరిగిన సంగతి తెలిసిపోతూ ఉంది. ఈసారి ఎనిమిదింటికే వెళతాము. తాడు కట్టిన రాయిని నేనూ క్యోటోలో చూశాను, ఎవరో పిల్లలు ఆడుకొని వదిలేశారనుకున్నాను.

మీ జాబులన్నీ అక్కయ్యకు చదివి వినిపించాను. వెదురు గొట్టం దగ్గర రెండుసార్లు చదివించుకున్నారు. ఇనారి సుషీ దగ్గర కావలి అమ్మాయి కోసం అయ్యో అన్నారు. రొయ్యల భాగం వస్తుంటే లేచి వంటింట్లోకి వెళ్లారు గానీ, ముప్పై కౌంటు దాకా గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు. కోయసాన్‌లో రెండు రాత్రులు ఉండాలని నిర్ణయమైంది. ఆవిడకు మిగిలిన సందేహం ఒక్కటే. అన్ని గిన్నెలూ చప్పగానే ఉంటాయంటున్నారు కదా, వెల్లుల్లి వేయని మాగాయ సీసా ఒకటి చీర మడతల్లో పెట్టుకువెళ్లి ఆ సన్యాసుల ఎదుట మూత తీస్తే వారు ఏమైనా అనుకుంటారా అని. తులసికోట అమ్మగారు దీనికి జవాబు చెబితే టిక్కెట్లు తీసుకుంటాము.